ధ్రువపత్రం ముందా, చేయూత ముందా?

మూడో తరగతిలో ఒక పిల్లవాడు వాచకంలోని ఒక్క వాక్యాన్ని కూడా చదవలేకపోతున్నాడంటే అందుకు కారణాలు ప్రధానంగా మూడు. వాడికి ఎవరూ సరిగా నేర్పి ఉండకపోవచ్చు. ఆకలి, వలస, ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య దూరం వంటివి వాడి చదువును మింగేసి ఉండవచ్చు. లేదా చూపులోనో, వినికిడిలోనో, అక్షరాన్ని ధ్వనిగా మలచుకునే మెదడు తీరులోనో ఏదైనా అవరోధం ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చే పని ఎవరిది? తేలేదాకా ఆ పిల్లవాడి గతి ఏమిటి? చిన్నవిగా కనిపించే ఈ రెండు ప్రశ్నల చుట్టూ నూట ఇరవై ఏళ్లుగా ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, చట్టసభలు తర్జనభర్జన పడుతూనే ఉన్నాయి. భారత రాజ్యం వీటికి ఇచ్చిన సమాధానం చాలాకాలం ఒకటే: ముందు ధ్రువపత్రం తెమ్మనడం.

ఈ చరిత్ర ఫ్రాన్సులో మొదలైంది. నిర్బంధ విద్య అమలులోకి వచ్చాక, అందరితో పాటు చదవలేని పిల్లలను ఏం చేయాలన్న సమస్య అక్కడి విద్యాశాఖకు ఎదురైంది. 1904లో ఏర్పాటైన ప్రభుత్వ సంఘంలో ఆల్‌ఫ్రెడ్ బినే సభ్యుడు. ఆయన థియోడర్ సిమోన్‌తో కలిసి 1905లో రూపొందించిన కొలమానమే నేటి బుద్ధి పరీక్షలకు మూలం. తోడ్పాటు అవసరమైన పిల్లలను గుర్తించడమే బినే ఉద్దేశం. తెలివి పుట్టుకతో స్థిరపడిపోయిన రాశి కాదని, శిక్షణతో పెరుగుతుందని ఆయన నమ్మాడు. కాని ఆ సాధనం అట్లాంటిక్ దాటగానే తోడ్పాటుకు కాక విభజనకు ఉపయోగపడింది. పిల్లలను వేరు చేయడానికీ, వలస వచ్చినవారిని తక్కువ చేసి చూపడానికీ అది ఆయుధమైంది. 1920లలో లాహోర్‌లోని ఫోర్మన్ క్రిస్టియన్ కళాశాలకు చెందిన హెర్బర్ట్ రైస్ దానిని హిందుస్తానీలోకి మలిచాడు. ఆ విధంగా ఈ ఉపఖండంలోకి కొలబద్ద ముందుగా ప్రవేశించింది. కొలిచిన తరువాత ఏం చేయాలన్న ఆలోచన మాత్రం చాలాకాలం వెనుకబడే ఉంది.

ఆ ఆలోచన బొత్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగియక ముందే, 1944లో, జాన్ సార్జెంట్ నివేదిక వికలాంగ బాలల విద్య జాతీయ విద్యావ్యవస్థలో అంతర్భాగం కావాలని, వీలైనంత వరకు వారిని ఇతర పిల్లల నుంచి వేరు చేయరాదని సూచించింది. స్వాతంత్ర్యానంతరం దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన ఏర్పడిన విద్యా కమిషన్ 1966లో సమర్పించిన నివేదిక మరో అడుగు ముందుకు వేసింది. ఈ పిల్లల చదువును కేవలం జాలితో చేసే పనిగా చూడరాదని, వారిని దేశానికి ఉపయోగపడే పౌరులుగా తీర్చిదిద్దే పనిగా భావించాలని వాదించింది. అయితే ఆ నివేదిక పెట్టుకున్న లక్ష్యం ఎంత? 1986 నాటికి, అంటే ఇరవై ఏళ్ల తరువాత, అంధ, బధిర, శారీరక వికలాంగ బాలల్లో దాదాపు 15 శాతానికి, బుద్ధిమాంద్యం ఉన్నవారిలో 5 శాతానికి చదువు అందించడం. దేశంలోని అత్యంత ఉదారమైన విద్యా నివేదికే నూటికి ఎనభై అయిదుగురిని మరో తరం పాటు బడి బయట ఉంచడానికి సిద్ధపడిందంటే, ఆనాటి రాజకీయ ఊహ హద్దులు ఎక్కడున్నాయో అర్థమవుతుంది.

1974లో కేంద్రం వికలాంగ బాలల సమ్మిళిత విద్యా పథకాన్ని ప్రారంభించింది. అది విద్యాశాఖ చేతికి రాలేదు, సంక్షేమ శాఖ కిందికి వెళ్లింది. ఎనిమిదేళ్ల తరువాత, 1982లో గాని దానిని విద్యాశాఖకు బదలాయించలేదు. దీనిని పాలనాపరమైన చిన్న విషయంగా కొట్టివేయలేము. వికలాంగ బాలుడిని రాజ్యం విద్యార్థిగా చూసిందా, లబ్ధిదారుగా చూసిందా అన్నది ఆ ఫైలు ఏ శాఖలో ఉందన్న దానిని బట్టే తెలుస్తుంది. లబ్ధిదారుకు అర్హత పత్రం కావాలి. విద్యార్థికి కావలసింది ఉపాధ్యాయుడు.

ఈ రెండో దారిని భారతదేశం ఒకసారి స్వయంగా కనుగొన్నది. 1986 జాతీయ విద్యా విధానం వెలువడిన మరుసటి ఏడాది, జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి యూనిసెఫ్ సహకారంతో ఒక ప్రయోగాత్మక పథకాన్ని చేపట్టింది. తమిళనాడు, రాజస్థాన్, మిజోరం, నాగాలాండ్‌తో సహా పది ప్రాంతాలను ఎంచుకుని, ఒక్కో చోట ఒక్కో బ్లాకును యూనిట్‌గా తీసుకుంది. ఆ బ్లాకులోని బడులన్నీ అందరు పిల్లలకూ తలుపులు తెరవాలన్నది నియమం. శిక్షణను మూడు అంచెలుగా విభజించారు. ఉపాధ్యాయులందరికీ కొద్ది రోజుల ప్రాథమిక శిక్షణ, వారిలో కొందరికి కొన్ని వారాల లోతైన శిక్షణ, బ్లాకుకు కొద్దిమందికి ఏడాది పాటు పలు వైకల్యాలపై ప్రత్యేక శిక్షణ ఇచ్చారు. తరగతి గదిలో మొదలై, అవసరాన్ని బట్టి నిపుణుడి వరకు వెళ్లే ఈ నిచ్చెననే నేడు ప్రపంచం అంచెల సహాయ వ్యవస్థ అని పిలుస్తోంది. ఆ పేరు అమెరికా నుంచి తిరిగి దిగుమతి కావడానికి చాలా ముందే దాని నమూనా ఇక్కడి బ్లాకుల్లో నడిచింది. పది బ్లాకుల్లో నడిచిన ఆ పద్ధతిని దేశమంతటికీ విస్తరించే సంకల్పమే కొరవడింది.

1995 చట్టం ఇందుకు భిన్నమైన బాటలో నడిచింది. వికలాంగుల హక్కులను తొలిసారి చట్టబద్ధం చేసిన ఘనత దానిది. ప్రతి వికలాంగ బాలుడికీ పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య అందాలని అది శాసించింది. కాని వైకల్యాలను ఏడు రకాలకు పరిమితం చేసింది. వైద్యాధికారి ధ్రువీకరించిన 40 శాతం వైకల్యాన్ని అర్హతకు గీతగా నిర్ణయించింది. ఆ ఏడింటిలో ఆటిజం లేదు, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు లేవు. కాలు ఎంత వంగుతుందో, చూపు ఎంత ఆనుతుందో శాతాల్లో కొలవవచ్చు. చదవడంలోని ఇబ్బందిని ఏ ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టి కొలుస్తారు? మహారాష్ట్ర వంటి కొద్ది రాష్ట్రాలు 1990ల చివరి నుంచి పదో తరగతి పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు అదనపు సమయం వంటి రాయితీలు కల్పించాయి. అవి కూడా ప్రధానంగా నగరాల్లో, నిపుణుల వద్దకు వెళ్లగలిగిన తల్లిదండ్రుల పిల్లలకే దక్కాయి. మిగిలిన కోట్లాది మందికి బడి పెట్టిన పేరు 'మొద్దు'.

ఇదే కాలంలో అమెరికా మరో రకమైన చిక్కులో పడింది. అక్కడ 1975 నవంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టం ప్రతి వికలాంగ బాలుడికీ తగిన విద్యను హక్కుగా ఇచ్చింది. తల్లిదండ్రులు వచ్చి అడిగేదాకా ఆగకుండా, వైకల్యం ఉందని అనుమానం కలిగిన ప్రతి బిడ్డనూ వెతికి పట్టుకుని మదింపు చేసే బాధ్యతను ప్రభుత్వ వ్యవస్థ మీదే మోపింది. కాని అభ్యసన వైకల్యాన్ని నిర్ధారించడానికి 1977లో ఎంచుకున్న సూత్రం లోపభూయిష్టమైనది. బిడ్డ బుద్ధి పరీక్ష ఫలితానికీ చదువులో సాధించిన ఫలితానికీ మధ్య తీవ్రమైన అంతరం కనిపించాలన్నారు. ఆ అంతరం కొలతకు అందేంతగా పెరగాలంటే బిడ్డ రెండు మూడేళ్లు వరుసగా విఫలం కావాలి. మునిగాక తాడు విసిరే విధానమిది. దీనికి తోడు బుద్ధి పరీక్షలు నల్లజాతి పిల్లలను అధిక సంఖ్యలో మందబుద్ధుల తరగతులకు నెట్టాయి. కాలిఫోర్నియాలో దీనిపై నడిచిన లారీ పి. కేసులో 1979లో ఫెడరల్ న్యాయస్థానం ఆ పరీక్షల ఆధారంగా నల్లజాతి పిల్లలను అలాంటి తరగతులకు పంపడాన్ని నిషేధించింది.

ఈ రెండు తప్పులకూ విరుగుడుగా 2004లో చట్టాన్ని సవరించారు. అంతరం సూత్రాన్ని రాష్ట్రాలు తప్పనిసరి చేయరాదని, శాస్త్రీయమైన బోధనకు బిడ్డ ఎలా స్పందిస్తున్నాడో చూసే పద్ధతిని అనుమతించాలని పేర్కొన్నారు. అంచెల వ్యవస్థకు బలం చేకూరింది అక్కడే. మొదటి అంచెలో తరగతి మొత్తానికీ మంచి బోధన, ఏడాదిలో కొన్ని మార్లు అందరికీ చిన్న పరిశీలన ఉంటాయి. రెండో అంచెలో వెనుకబడిన కొద్దిమందిని చిన్న బృందంగా చేర్చి కొన్ని వారాల పాటు అదనపు బోధన చేస్తారు. మూడో అంచెలో అప్పటికీ ముందుకు సాగనివారికి ఒక్కొక్కరికి తగిన తీవ్రమైన సహాయం అందిస్తారు. ఈ మొత్తం ప్రక్రియలో పోగయ్యే ఆధారాలు మదింపుకు పునాది అవుతాయి. నేర్పకపోవడం వల్ల చదవలేని బిడ్డ రెండో అంచెలోనే కోలుకుంటాడు. నేర్పినా చదవలేని బిడ్డ ఎవరో అప్పుడు స్పష్టంగా తేలుతుంది.

కాని సదుద్దేశంతో పుట్టిన నిచ్చెనను అడ్డుగోడగా మార్చడం అధికార యంత్రాంగానికి చేతకాని విద్య కాదు. రెండో అంచె పూర్తి కాలేదు, మూడో అంచె ఇంకా మొదలే కాలేదు అంటూ మదింపును నెలలు, ఏళ్లు వాయిదా వేయడం అక్కడి పాఠశాలలు నేర్చుకున్నాయి. అంచెల పేరుతో మదింపును ఆలస్యం చేయడమో, నిరాకరించడమో చట్టవిరుద్ధమని 2011 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ రాష్ట్రాలకు లేఖ రాయవలసి వచ్చింది. టెక్సాస్ ఉదంతం మరింత దారుణం. ప్రత్యేక విద్య పొందే విద్యార్థులు 8.5 శాతానికి మించరాదన్న సూచికను ఆ రాష్ట్రం 2004లో ప్రవేశపెట్టింది. ఆనాటి జాతీయ సగటు సుమారు 13 శాతం. వైకల్యాలు తగ్గలేదు గాని గుర్తింపులు తగ్గాయి. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ విషయాన్ని బయటపెట్టింది. 2017లో టెక్సాస్ శాసనసభ అలాంటి పరిమితిని నిషేధించింది. 2018 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం ఆ రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. బడ్జెట్ కోతకు లెక్కలు ఎంత తేలికగా సాధనమవుతాయో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర లేదు.

భారతదేశానికి ఈ అనుభవంతో ప్రమేయం ఉంది. ఎందుకంటే ఇక్కడ చట్టాలు ఒకదానివెంట ఒకటి వచ్చాయి గాని, ఆ మధ్య అంచె మాత్రం ఖాళీగానే మిగిలింది. 2001లో మొదలైన సర్వ శిక్షా అభియాన్ ఏ బిడ్డనూ తిరస్కరించరాదన్న నినాదంతో వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం వైకల్యం విషయంలో 1995 నాటి నిర్వచనాన్నే ఆశ్రయించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలను అందులో చేర్చడానికి 2012లో సవరణ అవసరమైంది. చివరకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలకు తొలిసారి చోటిచ్చింది. బడి పిల్లలపై అయిదేళ్లకొకసారి సర్వే జరిపి వైకల్యం ఉన్నవారిని గుర్తించాలని, తొలి సర్వేను చట్టం అమలైన రెండేళ్లలో, అంటే 2019 ఏప్రిల్ లోపు, ముగించాలని 17వ సెక్షన్ ఆదేశించింది.

అదే చట్టంలోని 16వ సెక్షన్ మరింత కీలకమైనది. అభ్యసన వైకల్యాలను సాధ్యమైనంత త్వరగా గుర్తించి, వాటిని అధిగమించడానికి తగిన బోధనా చర్యలు చేపట్టాలని అది పాఠశాలలను నిర్దేశిస్తుంది. ధ్రువపత్రం తెచ్చినవారికే అన్న షరతు అందులో లేదు. కాని 2018 జనవరిలో వెలువడిన మదింపు మార్గదర్శకాలు అభ్యసన వైకల్యానికి ఎనిమిదేళ్లు నిండిన తరువాతే ధ్రువపత్రం ఇవ్వాలని, పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షించాలని నిర్ణయించాయి. వయసు పరిమితిలో తర్కం లేకపోలేదు. చదవడం నేర్పడమే మొదలుకాని ఈడులో చదవలేకపోవడాన్ని వైకల్యంగా ముద్రవేయడం ప్రమాదం. అయితే అయిదేళ్లకూ ఎనిమిదేళ్లకూ మధ్య ఆ బిడ్డకు అందేది ఏమిటి? ధ్రువపత్రానికి వీలు లేని ఆ మూడేళ్లే చేయూతకు అసలైన కాలం. చట్టం ఆ బాధ్యతను బడికి అప్పగించింది. పాలన మాత్రం ఆసుపత్రి తలుపు తెరుచుకునే రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. బుద్ధిమాంద్యంపై దేశానికంతటికీ దారి చూపవలసిన జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్‌లోనే వెలిసింది. ఉమ్మడి రాష్ట్రం 2009-10 ప్రాంతంలో ప్రవేశపెట్టిన సదరం విధానం ధ్రువపత్రాల జారీని కంప్యూటరీకరించి, దళారుల బెడదను తగ్గించే ప్రయత్నం చేసింది. మండలాల్లో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. అయినా ప్రజల నోట నానిన మాట భవిత కాదు, సదరం. పింఛనుకు, బస్సు పాసుకు, రిజర్వేషన్‌కు మూలం ఆ కాగితమే కనుక అందులో వింత లేదు. కాని పింఛను కోసం రూపొందిన శాతాల లెక్క చదువుకు కూడా కొలబద్ద కావడమే అనర్థం. నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ 2015లో భారతీయ భాషల్లో డిస్లెక్సియాను గుర్తించే సాధనాలను విడుదల చేసినప్పుడు ఆ తొలి విడతలో హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లిష్ ఉన్నాయి, తెలుగు లేదు. గుణింతాలు, ఒత్తులతో నడిచే లిపిలో బిడ్డ ఎక్కడ తడబడుతున్నాడో ఇంగ్లిష్ పదాల పట్టికతో తేల్చడం సాధ్యం కాదు. ఇక ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లల సంగతి చెప్పనక్కర లేదు. బడి భాష రాకపోవడాన్ని బుద్ధి లోపంగా నమోదు చేసే ప్రమాదం వారి నెత్తిన ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. లారీ పి. తీర్పు ఏ భయం నుంచి పుట్టిందో, అలాంటి భయానికి ఇక్కడ కులం, తెగ, భాష అనే పేర్లున్నాయి.

గణాంకాలు ఈ చిక్కును మరింత బిగించాయి. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 27.1 శాతం మాత్రమే. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురు వెనుకబడి ఉన్న తరగతి గదిలో నిజంగా వైకల్యం ఉన్న బిడ్డ ఎవరో కనిపెట్టాలి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రవేశపెట్టిన ప్రశస్త్ యాప్ ఈ పనిని మొదట తరగతి ఉపాధ్యాయుడికి, తరువాత ప్రత్యేక ఉపాధ్యాయుడికి అప్పగించింది. ఆలోచన సరైనదే. కాని అందరూ చదవలేని చోట ప్రశ్నావళి ఎవరిని పట్టి ఇస్తుంది? అందరినీ అనుమానిస్తుంది, లేదా ఎవరినీ అనుమానించదు. 2026-27 నాటికి మూడో తరగతి లోపు పిల్లలందరికీ చదవడం, లెక్కించడం రావాలని 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ నిజానికి మొదటి అంచె. ప్రశస్త్ మదింపుకు ద్వారం. ఈ రెండింటి మధ్య ఉండవలసిన రెండో అంచెకు, అంటే చిన్న బృందానికి అదనపు బోధన చేసే మనిషికి, ఏ పథకంలోనూ నికరమైన చిరునామా లేదు.

ఆ మనిషి కోసం న్యాయస్థానమే గొంతెత్తవలసి వచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మందికి, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించింది. మూడున్నరేళ్లు గడిచాక, 2025 మార్చిలో, పోస్టులు మంజూరు చేసి నియామక ప్రకటనలు ఇవ్వండని రాష్ట్రాలను మరోసారి ఆదేశించింది. అదే న్యాయస్థానం 2021 ఫిబ్రవరిలో యూపీఎస్‌సీ పరీక్షలో లేఖకుడి సహాయానికి సంబంధించిన కేసులో మరో మౌలిక సూత్రాన్ని నెలకొల్పింది. సముచితమైన వెసులుబాటు పొందడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న నియమం చట్టంలో లేదన్నది ఆ తీర్పు సారాంశం. రిజర్వేషన్‌కు గీత ఉండవచ్చు, సహాయానికి గీత లేదు. ఒక ఉద్యోగార్థి విషయంలో వెలువడిన ఈ తర్కం మూడో తరగతి బిడ్డకు మరింత బలంగా వర్తిస్తుంది.

ఇలాంటి తరుణంలో పాలకులు తిరిగి వైఫల్యం వైపే చూస్తున్నారు. తప్పినవారిని అదే తరగతిలో నిలిపే వెసులుబాటును 2019 సవరణ రాష్ట్రాలకు ఇచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని బడులకు అయిదు, ఎనిమిది తరగతుల్లో దానిని అమలు చేసింది. మొదటిసారి తప్పితే రెండు నెలల్లో మరో పరీక్ష, అప్పుడూ తప్పితే అదే తరగతి. నిలిచిపోయిన బిడ్డ లోపాలను గుర్తించి ప్రత్యేకంగా బోధించాలని ఆ నిబంధనలు చెబుతున్న మాట వాస్తవమే. అమెరికా 1977లో చేసిన పొరపాటు కూడా సరిగ్గా ఇదే. అక్కడ బిడ్డ ఓడిపోయినట్లు అంతరం నిరూపించాకే సహాయం మొదలయ్యేది. ఇక్కడ ఓడిపోయినట్లు మార్కుల పట్టిక నిరూపించాక మొదలవుతుంది. అయిదో తరగతిలో గుర్తించే లోపం రెండో తరగతిలో ఎందుకు కనిపించలేదన్న ప్రశ్న ఆ నిబంధనల్లో లేదు.

నూట ఇరవై ఏళ్ల అనుభవం రెండు హెచ్చరికలు చేస్తోంది. పేరు పెట్టేదాకా చేయూత ఆపితే బిడ్డ మునిగిపోతాడు. చేయూత పేరుతో పేరు పెట్టడాన్ని వాయిదా వేస్తే బిడ్డ హక్కు మునిగిపోతుంది. కనుక రెండూ ఏకకాలంలో సాగాలి. అదనపు బోధనకు ఏ పత్రమూ అడగరాదు. బడిలో అనుమానం కలిగినా, తల్లిదండ్రులు కోరినా నిర్ణీత గడువులో మదింపు జరగాలి. ఆ మదింపు బిడ్డ భాషలో జరగాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అవసరం లేదు. 16వ సెక్షన్ ఉంది, 17వ సెక్షన్ ఉంది, సుప్రీంకోర్టు చెప్పిన నిష్పత్తులున్నాయి. లేనిది జీతపు పద్దు మాత్రమే. వికలాంగ బాలల విద్య ఏ శాఖదన్న ప్రశ్న 1982లోనే తీరిపోయింది. ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ప్రతి బడ్జెట్‌లోనూ తలుపు తట్టి, సమాధానం దొరకక వెనుదిరుగుతూనే ఉంది.